ఆయమ్మ పంపిన పదకొండు మొక్కలు

ఆయమ్మ పోయిందని ఆళ్ళగడ్డ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను నంద్యాలలో మా మిద్దె మీద వంగనారుకు మట్టి సట్లు బోర్లిస్తున్నాను. పొద్దు ఇంకా గూట్లో పడలేదు. మాఘమాసం. నల్లమల వైపు నుంచి గాలి అప్పుడే మొదలైంది. "మేడమ్మా, మాయమ్మ మధ్యాన్నం పోయింది" అంది ఆ పిల్ల. ఆ పిల్లకు యాభై దాటాయి. "ఒక్క నిమిషం ఆగమ్మా, ఇంకా రెండు సట్లు మిగిలాయి" అన్నాను. ఎవరైనా వింటే ముసలిదానికి మతి పోయిందనుకుంటారు. ఆ పిల్ల మాత్రం, "మూసేసే మాట్లాడు మేడమ్. లేకుంటే మాయమ్మ లేసొచ్చి తిడ్తాది" అంది. రెండూ బోర్లించాను. తర్వాత ఆ సట్ల పక్కనే కూర్చుని ఏడ్చాను.

ఆయమ్మకు పేరు లేకపోలేదు. మా ఆడపిల్లల బడిలో ఆమె ఊడ్చింది, గంట కొట్టింది, తోట పెంచింది. వందలమంది పిల్లలకూ మా టీచర్లకూ ఆమె ఆయమ్మే. ఇక్కడా అలాగే పిలుస్తాను. ఆమె పేరు రాస్తే పక్కన ఇంకొకరి పేరు కూడా రాయబుద్ధవుతుంది. దానికి నా చెయ్యి దురద పెడుతోంది. అందుకని అసలు పేర్లే వద్దు.

ఆ ఇంకొకరు మా పెద్దమేడమ్. అప్పట్లో ఆ బడికి హెడ్‌మిస్ట్రెస్. ఇప్పుడు మా వెనక వీధిలోనే ఉంటుంది. ఆయమ్మ పోయిన మర్నాడు పాత విద్యార్థినుల వాట్సాప్ గుంపులో ఆమె పెట్టిన సంతాపాన్ని మా మనవరాలు నాకు చదివి వినిపించింది. "నా మార్గదర్శకత్వంలో తోటపని నేర్చుకుని, చలి నుంచి లేత మొక్కలను కాపాడే పద్ధతిని అమలుపరచిన విశ్వాసపాత్రురాలు" అని. చివర రెండు చేతులు జోడించిన బొమ్మ. ఇంకోసారి చదవమన్నాను. రెండోసారీ అదే ఉంది.

నేను ఈ నాలుగు పేజీలూ ఆత్మశాంతి కోరడానికి రాయడం లేదు. ఆయమ్మ ఆత్మకు శాంతి కలగాలంటే ముందు కొంతమందికి అశాంతి కలగాలి. ఆ కొంతమందిలో నేనూ ఉన్నాను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఆయమ్మ పుట్టిల్లు ఆళ్ళగడ్డ. నాయన రాతిపని చేసేవాడు. ఆళ్ళగడ్డలో ఉలి చప్పుడు వినకుండా పెరిగిన పిల్లలు తక్కువ. ఈమె పని, చిన్నప్పుడు, నాయన ఉలి కింద రాలిన నల్లరాతి ముక్కలను తట్టకెత్తి బయట పోయడం. సాయంత్రం పోసిన కుప్ప మీద పొద్దు పోయాక కూడా కుక్కలు వచ్చి పడుకునేవట. "కుక్కకు తెల్సిందే మేడమ్, రాయిలో ఎండ దాంకుంటాదని. నేను కుక్కను సూసి నేర్చుకున్నా" అనేది. మార్గదర్శకత్వం ఎవరిదో చదువరులు గమనించాలి.

నేను జీవశాస్త్రం చెప్పడానికి ఆ బడికి కొత్తగా వెళ్ళిన ఏడాది, గేటు లోపల ఎడమవైపు ఆమె నారుమడి చూసి నవ్వాను. మిరప, వంగ, టమాటా, బొప్పాయి. ఒక్కొక్క బొప్పాయి మొక్క చుట్టూ నల్లరాతి ముక్కలు కంకణంలా పేర్చి ఉన్నాయి. ఊరికి పోయినప్పుడల్లా బస్సులో సంచి నిండా ఆ రాళ్ళు మోసుకొచ్చేది. నీళ్ళు మధ్యాహ్నమే పోసేది, సాయంత్రం చుక్క పోయనిచ్చేది కాదు. పొద్దు వాలకముందే మొక్కకో పగిలిన సట్టి బోర్లించేది. ఆ సట్లు పిల్లలు ఇళ్ళ నుంచి తెచ్చినవి. పెచ్చు ఊడిందీ, మూతి పగిలిందీ, పులుసు మాడి నల్లబడిందీ. సట్టి తెచ్చిన పిల్లకు ఏడాది చివర ఒక బొప్పాయి మొక్క. అదీ ఒప్పందం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా పిల్లలు రోజూ పొద్దున వచ్చి ఎవరి సట్టి వాళ్ళు ఎత్తి, లోపల మొక్కను పలకరించి క్లాసుకు పోయేవాళ్ళు.

ఒకసారి నాకు కాగితాలు దిద్దడంలో ఆలస్యమై, ఆమెకు సాయం చేద్దామని చీకటి పడుతుండగా వెళ్ళి రెండు సట్లు బోర్లించబోయాను. గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు మూస్తే ఏం లాభం మేడమ్? ఎండ ఉండంగనే మూయల్ల. సలి దూరినాక మూస్తే, సలినే మూసిపెట్టినట్ల."

బీయస్సీ, బీయెడ్డూ చదివిన నాకు ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకోవడమే గొప్ప అనుకునే రకం నేను.

ఇప్పుడు అసలు సంగతి.

ఒక ఏడాది ఇదే మాఘమాసంలో, జిల్లా నుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురు వచ్చింది. పెద్దమేడమ్ గోడలకు సున్నం కొట్టించింది. పిల్లల రిబ్బన్లు కొలిపించింది. ఆఖరికి నారుమడి దగ్గరికి వచ్చి నిలబడింది.

"గేటు లోపలికి రాగానే పగిలిన కుండలేమిటి? ఆయన శ్మశానంలోకి వచ్చాననుకుంటాడు. తీయించండి."

చివరి మాట నా వైపు తిరిగి అన్నది. నేనే పిల్లల్ని వరసగా నిలబెట్టి సట్లన్నీ మరుగుదొడ్ల వెనక్కి మోయించాను. రాళ్ళు కూడా. రాళ్ళ చోట సున్నంతో గుండ్రంగా గీతలు గీయించింది పెద్దమేడమ్. చూడ్డానికి బాగుంది. ముగ్గులేసిన ఆకలిలా ఉంది.

అధికారి ఆ రోజు రాలేదు. మర్నాడన్నారు. మర్నాడూ రాలేదు. రెండు సాయంత్రాలూ ఆయమ్మ ఆఫీసు గది గుమ్మంలో నిలబడి అడిగింది. మూడోరోజు కూడా అడిగింది. నేను అప్పుడు లోపలే ఉన్నాను.

"ఈ ఒక్క పూటకన్నా మూయనీ మేడమ్. తెల్లార్తోనే తీసేస్తా. నేను ఈడ్నే పండుకుంటా."

"తెల్లవారే వస్తే?"

"వస్తే ఏంది మేడమ్, ఆయప్ప సట్లు సూల్లేదా ఏంది?"

"ఆయమ్మా, నోరు."

మూడో రాత్రి చలి ఎంతుందంటే, మర్నాడు పొద్దున కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చే టీచర్లు బస్సు దిగి పలకరింపులు కూడా పళ్ళు కొరుకుతూ చేశారు. గేటు తీసేసరికి మొక్కలన్నీ మెడలు వాల్చి ఉన్నాయి. ఆ రోజే, తొమ్మిది గంటలకు, అధికారి వచ్చాడు. సున్నపు గీతల మధ్య చచ్చిన మొక్కల్ని చూసి, "ఇవేమిటమ్మా?" అన్నాడు. పెద్దమేడమ్ రెప్ప వేయకుండా, "ఆయమ్మ నీళ్ళు పోయడం లేదండీ. ఎన్నిసార్లు చెప్పినా" అంది.

అక్కడితో ఆగి ఉంటే ఆయమ్మ ఒక్క మనిషితోనే పగ పెట్టుకునేది. ఆయన వెళ్ళాక పెద్దమేడమ్ బడిగంట కింద అసెంబ్లీ పెట్టించింది. తమ మొక్కలు చచ్చిపోయాయని పిల్లలు ఏడుస్తున్నారు. వాళ్ళందరి ముందు ఆయమ్మను నిలబెట్టి, నా వైపు తిరిగింది.

"సైన్సు టీచరుగా మీరు చెప్పండి. నీళ్ళు లేకపోతే మొక్కలు ఏమవుతాయి?"

నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పెద్దమేడమ్ సంతకం కావాలి. నేను గొంతు సవరించుకుని, "నీళ్ళు తగ్గితే మొక్కలు ఇట్లాగే వాడిపోతాయి" అన్నాను.

అబద్ధం కాదు చూడండి. పాఠ్యపుస్తకంలో ఉన్న మాటే. పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. ఆ వాక్యంలో ఆయమ్మ పేరు లేదు, ఆరోపణ లేదు. నేను జీవితంలో చెప్పిన అతి పెద్ద అబద్ధం అది.

ఆ రోజు నుంచి ఆయమ్మను తోట నుంచి తీసేశారు. మిగిలింది చీపురు, గంట. పిల్లలు కొన్నాళ్ళు ఆమెను "మొక్కల్ని సంపిన ఆయమ్మ" అన్నారు. పిల్లలకు దయ ఉంటుంది కానీ టీచరు చెప్పిన మాట మీద అంతకంటే ఎక్కువ నమ్మకం ఉంటుంది.

వారం తర్వాత స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు క్షమించమని అడగబోయాను. చీపురు పక్కన పెట్టి, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"నాకు సెప్తే ఏం లాభం మేడమ్? నాకు తెల్సుగదా నేను నీల్లు పోసినానని. తెలియనోల్లకు సెప్పు. ఆ మాట యాడన్నావో ఆడ్నే, గంట కింద, పిల్లోల్ల ముందర ఎనక్కి తీసుకో. ఇంగేం వద్దు నాకు."

"చెప్తాను ఆయమ్మా. పర్మనెంటు కానీ."

పర్మనెంటు అయ్యింది. తర్వాత ప్రమోషన్ అడ్డం వచ్చింది. ఆ తర్వాత, ఇంత పాత సంగతి ఇప్పుడెందుకన్న మర్యాద అడ్డం వచ్చింది. పిరికితనానికి చదువుకున్నవాళ్ళు పెట్టుకున్న పేర్లలో మర్యాద ఒకటి. ఆయమ్మ మాత్రం ఏటా మాఘం రాగానే ఒకసారి, గంట కొట్టి తాడు చుట్టుకుంటూ, "సెప్తాండావా మేడమ్?" అనేది. కోపంగా కాదు. బస్సు వచ్చిందా అని అడిగినట్టు.

అంతమాత్రాన ఆమె ఊరకుందని అనుకోకండి. పగ పట్టడంలో ఆమెకు నా కంటే ఓపిక ఎక్కువ.

పెద్దమేడమ్ రిటైరవుతూ మా వెనక వీధిలో ఇల్లు కట్టుకుంది. పెరట్లో బొప్పాయిలు కావాలనుకుంది. ఆయమ్మను పిలిపించి, "నీ చెయ్యి మంచిది, మంచి మొక్కలు చూసి తీసుకురా" అంది. ఆయమ్మ తన ఇంటి దగ్గర పెంచిన మొక్కలు పదకొండు తెచ్చి, తానే గుంతలు తీసి, తానే నాటి, శివరాత్రి దాకా రోజూ వెళ్ళి సట్లు మూసింది. అంత సేవ చూసి నాకే ఒళ్ళు మండింది.

అయిదు నెలలకు పూత వచ్చింది. పదకొండుకు పదకొండూ మగ చెట్లు.

బొప్పాయిలో మగ చెట్టు పూస్తుంది, కాయదు. తోరణంలా తెల్లని పూలు వేలాడతాయి, రాలిపోతాయి. ఆయమ్మ గోడ మీంచి చూసి, "ఏం పూత మేడమ్! పెండ్లిపందిరి మాదిరి ఉండాది!" అని మురిసిపోయేది.

"కాయ ఏది ఆయమ్మా?"

"వస్తాది మేడమ్. ఓపిక పట్టల్ల."

ఏడాదిన్నర ఓపిక పట్టాక కొట్టించి, మళ్ళీ తెమ్మంది. మళ్ళీ పదకొండు. మళ్ళీ పెండ్లిపందిరి.

నారు దశలో బొప్పాయి ఆడదో మగదో చెప్పడం కుదరదని నేను పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. పుస్తకం ఇప్పటికీ అదే అంటుంది. ఆయమ్మ మాత్రం మొక్కను పెకిలించి, వేరు వంక కాసేపు చూసి, ఒక్కోదాన్ని ఒక్కో వైపు పెట్టేది. ఒక రోజు ఉండబట్టలేక అడిగాను. "అన్నీ మగవే ఎట్లా వచ్చాయి ఆయమ్మా?"

నా ముఖం వంక సూటిగా చూసింది.

"ఏమో మేడమ్. నీల్లు తగ్గితే ఇట్లయితాదేమో."

ఆ తర్వాత ఓ ఏడాది నాకూ మూడు మొక్కలు తెచ్చిచ్చింది. ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని పెంచాను. రెండు ఆడవి, ఒకటి మగది. మగది ఒకటుంటేనే ఆడవాటికి కాపు నిలుస్తుందని ఆమె వివరణ. మూడింట ఒక వంతు శిక్ష అని నా లెక్క. ఏ కోర్టూ ఇంత సరిగ్గా తూచి తీర్పు చెప్పి ఉండదు. ఆ రెండు చెట్ల పళ్ళు తియ్యగా ఉండేవి, తింటుంటే సిగ్గేసేది, అయినా ఒక్కటీ వదలలేదు.

పోయిన పుష్యమాసంలో ఆమెకు బాగాలేదని తెలిసి ఆళ్ళగడ్డ వెళ్ళాను. అహోబిలం పోయే జీపుల రొద, ఉలి చప్పుడు, ఆ రెంటి మధ్య చిన్న ఇల్లు. మంచం వాకిట్లో వేయించుకుంది, మొక్కలు కనబడేలా. మనిషి పిడికెడైంది. నోరు మాత్రం తగ్గలేదు. కూతురు సట్లు మూస్తుంటే మంచం మీంచే కేకలు. "రాయి దగ్గరికి జరుపు! ఇంగా జరుపు! మొగుని పక్కన కూసున్నట్ల దూరంగా పెట్టినావే!"

నన్ను చూసి నవ్వింది. "మేడమ్, సెప్పినావా?"

నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ, "ఈసారి తప్పకుండా" అన్నాను.

"బేగా సెప్పు. నేనుండంగనే సెప్పు." దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "సలి దూరినాక మూస్తే ఏమైతాదో తెల్సుగదా."

తెలుసు. నోటుబుక్కులో రాసుకున్నాను కదా.

ఆమె పోయిన పదకొండో రోజు వెళితే, కూతురు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. గోడవార పదకొండు బొప్పాయి మొక్కలు, నల్లసంచుల్లో, ఒక్కోదానికీ ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉన్నాయి. "ఇయి మీ పెద్దమేడమ్‌కంట. నీ చేత్తోనే ఇయ్యమని సెప్పింది మాయమ్మ. మంచంలో ఉండి కూడా ఏర్లు సూసి తానే ఏరింది మేడమ్. ఏమో, ఆ మేడమంటే అంత ఇష్టమేమో" అంది పాపం ఆ పిల్ల. నేను కళ్ళు తుడుచుకుంటున్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మరుసటి వారం బడిలో సంతాపసభ. గంట కిందే, ఉదయం అసెంబ్లీలోనే. ముఖ్య అతిథి పెద్దమేడమ్. కుర్చీలో కూర్చుని మార్గదర్శకత్వం గురించి పది నిమిషాలు మాట్లాడింది. సట్లు, రాళ్ళు, మధ్యాహ్నపు నీళ్ళు, అన్నీ చక్కగా వర్ణించింది. తర్వాత నన్ను పిలిచారు. నాకు డెబ్బై నిండాయి. ఆపడానికి ఇక ఏ సంతకమూ లేదు.

"పిల్లలూ, నలభై ఏళ్ళ కింద సరిగ్గా ఇక్కడ నిలబడి నేనొక మాట అన్నాను. నీళ్ళు తగ్గి మొక్కలు చచ్చాయన్న అర్థం వచ్చేలా. అది తప్పు. ఆయమ్మ నీళ్ళు పోసింది. మొక్కలు చలికి చచ్చాయి. సట్లు తీయించింది ఈ మేడమ్. పిల్లల చేత మోయించింది నేను. ఆయమ్మ మూడు సాయంత్రాలు బతిమాలింది. ఆ మాట ఈ రోజు వెనక్కి తీసుకుంటున్నాను."

ఇంతే. నలభై ఏళ్ళు మోసిన మూట విప్పితే నిమిషం పట్టలేదు.

పెద్దమేడమ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "అంత పాత సంగతి... నాకు గుర్తు లేదు."

"మీకు గుర్తుండక్కర్లేదు మేడమ్. ఇప్పుడు వీళ్ళందరికీ గుర్తుంటుంది."

ముందు వరసలో ఒక పిల్ల చెయ్యెత్తింది. రెండు జడలు, ఒక దానికి రిబ్బను లేదు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు టీచర్?"

నా పగలో ఎక్కువ భాగం ఆ ఒక్క ప్రశ్నకే నామీదికి తిరిగింది. "భయపడ్డానమ్మా" అన్నాను. ఆ పిల్ల చెయ్యి దించింది కానీ చూపు దించలేదు.

సభ అయ్యాక, అందరూ చూస్తుండగా, పదకొండు మొక్కలూ ఆటోలోంచి దింపించి పెద్దమేడమ్ ముందు వరసగా పెట్టించాను. "ఆయమ్మ మీకు పంపింది మేడమ్. చివరి కానుక." చనిపోయిన మనిషి కానుకను అందరి ముందూ కాదనడానికి ఆమెకు కూడా ధైర్యం చాలలేదు.

ఇది అచ్చయ్యాక చదివి ఆమె ఆ మొక్కల్ని పీకేస్తుందేమోనని మనవరాలి భయం. పీకదు. పుస్తకం ప్రకారం ఏది ఆడదో ఏది మగదో ఇప్పుడే చెప్పలేమని ఆమెకూ తెలుసు. పదకొండింటిలో ఒక్కటైనా ఆడది ఉండొచ్చు. కాయ వచ్చిందా, ఆయమ్మ తనను క్షమించినట్టు. ఆ ఆశే ఆమెకు ఆయమ్మ వేసిన శిక్ష. నాకూ తెలియదు, ఆ వేళ్ళలో ఆయమ్మ ఏం చూసిందో.

మా మిద్దె మీంచి వాళ్ళ పెరడు కనిపిస్తుంది. ఎండ ఉండగానే నా సట్లన్నీ మూసి నేను కుర్చీ వేసుకుని కూర్చుంటాను. పొద్దు పోయి, గాలి మొదలై, వీధి దీపాలు వెలిగాక పెద్దమేడమ్ బయటికి వస్తుంది. మోకాళ్ళు వంగవు. చిన్న పీట జరుపుకుంటూ, మొక్క మొక్క దగ్గరా ఆగి, కొత్త సట్టి ఒకటి బోర్లిస్తుంది. శ్మశానంలా ఉన్నాయని తీయించిన చేతులే. ఎండ ఉండగా మూయాలి మేడమ్ అని గోడ మీంచి ఒక్క కేక వేస్తే చాలు. చెప్తాను. ఎప్పుడో ఒకప్పుడు చెప్తాను. తొందరేముంది. పదకొండో సట్టి దగ్గర ఆమె కాసేపు ఆగి, లోపలికి తొంగి చూసి, మెల్లగా బోర్లిస్తుంది. ఒక్కో సట్టి కింద ఒక లేత మొక్క, దాంతోపాటు అప్పటికే లోపలికి దూరిన చలి.